మండలానికి ఏడాదికి ఒక్కరు: పిల్లల షుగర్ లెక్క ఎందుకు తేలడం లేదు

నల్లగొండ జిల్లాలో పిల్లలకు ఏ జబ్బు వచ్చినా మొదటి అనుమానం నీళ్ల మీదికే పోతుంది. పోవడంలో తప్పూ లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు గారపట్టిన పళ్లు, వంకరపోయిన కాళ్లు, నడివయసుకే వంగిపోయిన నడుములు తరతరాలుగా కళ్ల ముందున్న సాక్ష్యాలు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఇక్కడి బోర్లలో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ ఏకంగా ఈ జిల్లా పేరే పెట్టింది, 'నల్లగొండ టెక్నిక్' అని. జబ్బుకు పేరుపడ్డ జిల్లాయే దాని విరుగుడుకూ పేరైంది.

అందుకే ఒక మండలంలో ఏడాది తిరిగేలోపు ముగ్గురు పిల్లలకు టైప్ 1 షుగర్ (ఇన్సులిన్ తప్పనిసరైన రకం) బయటపడితే, ఊరంతా ఒకటే మాట: నీళ్లే చేశాయి. గద్వాల వైపైతే పత్తి చేలో కొట్టే మందులు అంటారు. మూసీ వెంబడి ఊళ్లలోనైతే ఆ నల్లటి నీళ్లను చూపిస్తారు. ఈ మూడు అనుమానాల్లో ఏదీ వెర్రిది కాదు. అయితే వీటిని రుజువు చేయాలన్నా కొట్టిపారేయాలన్నా ముందు ఒకటి తెలియాలి. ఒక మండలంలో మామూలుగా ఏడాదికి ఎంతమంది పిల్లలకు ఈ జబ్బు రావాలి? ముగ్గురంటే ఎక్కువా, మామూలేనా?

కాగితం మీద చిన్న లెక్క వేసి చూడొచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2006లో మొదలుపెట్టిన రిజిస్ట్రీ ఒకటుంది. పాతికేళ్లలోపే షుగర్ వచ్చినవాళ్ల వివరాలు అందులో నమోదవుతాయి. దాని ఢిల్లీ, చెన్నై కేంద్రాల లెక్కల ప్రకారం 20 ఏళ్లలోపు వాళ్లలో టైప్ 1 ఏడాదికి లక్షకు 4.9 మందికి కొత్తగా వస్తోంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నల్లగొండలో 34.9 లక్షలు, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 40.5 లక్షలు, మొత్తం 75 లక్షల పైచిలుకు జనం. అందులో మూడో వంతు 20 ఏళ్లలోపు వాళ్లనుకుంటే 25 లక్షలు. 4.9తో గుణిస్తే ఏడాదికి సుమారు 122 మంది. నల్లగొండలో అప్పట్లో 59 మండలాలు, మహబూబ్‌నగర్‌లో 64, కలిపి 123. అంటే మండలానికి ఏడాదికి ఒక్కరు. పట్నాల రేటును పల్లెలకు అంటగట్టిన మోటు లెక్కే ఇది. అయినా ఎంత పెద్ద సమస్య గురించి మాట్లాడుతున్నామో అంచనా దొరుకుతుంది.

ఒక చాప మీద 123 గళ్లు గీసి, కళ్లు మూసుకుని 123 జొన్న గింజలు చల్లండి. గడికో గింజ చక్కగా పడదు. దాదాపు 45 గళ్లు ఖాళీగా మిగులుతాయి. ఇంకో 45 గళ్లలో ఒక్కో గింజ, 23 గళ్లలో రెండేసి, ఓ పది గళ్లలో మూడు గాని అంతకంటే ఎక్కువ గాని పడతాయి. చల్లిన చెయ్యి ఏ గడి మీదా కక్ష కట్టలేదు. అలాగే నీళ్లలో ఏ దోషమూ లేకపోయినా, ఏ ఏడాది చూసినా ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో ఓ పది మండలాల్లో 'ముగ్గురు పిల్లలకు షుగర్' అన్న వార్త పుట్టడానికి అవకాశం ఉంది. పేపర్‌లో జిల్లా ఎడిషన్‌కు అది పెద్ద హెడ్డింగే. ఖాళీగా మిగిలిన 45 మండలాల గురించి మాత్రం ఎవరూ రాయరు. నిజానికి అసలు కథ ఆ ఖాళీల్లోనే ఉంది.

ఫ్లోరైడ్ విషయంలో ఈ చిక్కు లేదు. అది కంటికి కనిపించే జబ్బు. బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి నోరు తెరవమంటే చాలు, పళ్ల మీద మచ్చలు చెబుతాయి. ఊరంతా ఒకటి రెండు చేతిపంపుల నీళ్లే తాగేది కాబట్టి ఏ నీళ్లు ఎవరి ఒంట్లోకి వెళ్లాయో కూడా తెలుసు. వందలో పదులమందికి వచ్చే జబ్బును పటం మీద గుర్తించడం తేలిక. లక్షలో ఐదుగురికి వచ్చే జబ్బు సంగతి వేరు. పైగా అది కంటికి కనపడదు, కొన్నిసార్లు తన పేరు కూడా చెప్పకుండానే బిడ్డను తీసుకుపోతుంది.

టైప్ 1 అంటే పెద్దలకు వచ్చే షుగర్ చిన్న వయసులో రావడం కాదు. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. తీపి ఎక్కువ తినడానికీ దీనికీ సంబంధం లేదు. ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వకపోతే బిడ్డ బతకదు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో ఒక 14 ఏళ్ల కుర్రాడికి మొదటి సూది వేసేదాకా ప్రపంచంలో ఎక్కడైనా ఇది మరణ శాసనమే. ఇక్కడి కొన్ని ఊళ్లలో ఇప్పటికీ అంతే, ఎందుకంటే సూది దాకా వ్యవహారం వెళ్లదు.

తొమ్మిదేళ్ల పిల్ల అనుకుందాం. నెల రోజులుగా చెంబుల కొద్దీ నీళ్లు తాగుతోంది. రాత్రి నాలుగుసార్లు లేస్తోంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. వాకిట్లో మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయి. బాగానే తింటోంది, కానీ గౌను వదులైపోతోంది. మే నెల నల్లగొండలో నీళ్లు ఎక్కువ తాగని పిల్లలెవరుంటారు? ఇంట్లోవాళ్లు ఎండలనుకుంటారు. ఒకరోజు కడుపునొప్పి, వాంతులు మొదలవుతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి, నీరసంగా ఉందని గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. అప్పటికే రక్తంలో చక్కెర ఐదారు వందలున్న ఒంట్లోకి ఇంకో బాటిలు చక్కెర నీళ్లు ఎక్కుతాయి. మర్నాటికి ఊపిరి లోతుగా, బలంగా తీస్తుంటుంది. నోటి నుంచి మగ్గిన పండు వాసన వస్తుంది. డాక్టర్లు దీన్ని కీటోఅసిడోసిస్ అంటారు. పెద్ద దవాఖానకు చేరితే న్యుమోనియా అనో అపెండిసైటిస్ అనో కొంతసేపు తిప్పినా చివరికి దొరుకుతుంది. చేరకపోతే 'జ్వరమొచ్చి పోయింది', 'గాలి సోకింది' అన్న మాటతో ముగిసిపోతుంది. వేలి కొస నుంచి ఒక్క చుక్క రక్తం, ఒక స్ట్రిప్, ఐదారు సెకన్లు చాలు అసలు సంగతి తెలియడానికి. ప్రభుత్వం ఊరూరా చేసే షుగర్ పరీక్షలు 30 ఏళ్లు దాటినవాళ్లకు. ఆశా కార్యకర్త గ్లూకోమీటర్ పట్టుకుని అదే ఇంటికి వచ్చినా, సూది గుచ్చేది నానమ్మ వేలికే.

ఈ పిల్ల ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. దేశంలో నమోదయ్యే మరణాల్లో డాక్టరు కారణాన్ని ధ్రువీకరించి రాసేవి నాలుగో వంతు కూడా లేవు. కాబట్టి మరణాల పుస్తకం తిరగేసినా దొరకదు. ఆమె ఊరి మండలం ఆ ఏడాది పటంలో సున్నా చూపిస్తుంది. పక్కనే జాతీయ రహదారి మీదున్న మండలంలో ఇద్దరు కనపడతారు. ఆ పటాన్ని చూసి ఎవరైనా 'రోడ్డు పక్కన పొల్యూషన్ ఎక్కువ, అందుకే షుగర్' అని సిద్ధాంతం చేస్తే కాదనడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. హర్యానాలోని కర్నాల్ జిల్లాలో లెక్క తీస్తే టైప్ 1 ఉన్నవాళ్లు పట్టణాల్లో లక్షకు 26.6 మంది, పల్లెల్లో 4.27 మంది తేలారు. ఆరు రెట్ల తేడా. పట్నం గాలి, పట్నం తిండి, పట్నం శుభ్రత వల్ల అంత తేడా వచ్చిందా? లేక పల్లె పిల్లలు జబ్బు పేరు తెలియకుండానే, లేదా తెలిశాక ఇన్సులిన్ అందకుండా పోతున్నారా? ఆ అంకె ఒక్కటే చూస్తే చెప్పలేం. రెండోది కూడా గట్టి కారణమే అనిపిస్తుంది. ఒక ఏడాదిలో కొత్తగా వచ్చినవాళ్లను లెక్కించడం వేరు, ఇప్పుడు బతికున్నవాళ్లను లెక్కించడం వేరు. నలభై ఐదు డిగ్రీల ఎండలో, ఫ్రిజ్ లేని ఇంట్లో, ఇసుక పోసి తడిపిన కుండలో ఇన్సులిన్ దాచుకునే చోట ఈ రెండు అంకెలూ ఒకదానికొకటి చాలా దూరం జరిగిపోతాయి. కారణాల కోసం వెతికేవాళ్లకు కావాల్సింది మొదటి అంకె.

అందుకే జనాభా రిజిస్ట్రీ అంటే దవాఖానలో రోగుల చిట్టా అనుకోకూడదు. దవాఖాన చిట్టా వచ్చినవాళ్లను రాసుకుంటుంది. జనాభా రిజిస్ట్రీ ముందుగా ఒక ప్రాంతానికి గీత గీసి, ఆ గీత లోపల కాపురముంటున్న ప్రతి బిడ్డకూ తనే పూచీ అంటుంది. ఆ బిడ్డకు వైద్యం ఎక్కడ జరిగినా సరే. దేశదేశాల్లో పిల్లల టైప్ 1 షుగర్‌ను లెక్కించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో మొదలుపెట్టిన డయామండ్ అధ్యయనం ఇందుకు కొన్ని మోటు నియమాలు పెట్టుకుంది. జబ్బు మొదలైన తేదీ అంటే లక్షణాలు కనపడిన రోజు కాదు, మొదటి ఇన్సులిన్ సూది పడిన రోజు. తల్లిదండ్రుల జ్ఞాపకం నెల అటూ ఇటూ అవుతుంది, సూది తేదీ కాగితం మీద ఉంటుంది. ఊరు అంటే దవాఖాన ఉన్న ఊరు కాదు, ఆ రోజుకు బిడ్డ నివాసమున్న ఊరు. ఇంకో నియమం, ఒకే జాబితాను నమ్మకూడదు. రెండో జాబితా వేరే దారిలో వచ్చినదై ఉండాలి.

రెండో జాబితా ఎందుకో చెరువులో చేపలు లెక్కపెట్టేవాళ్లను అడిగితే తెలుస్తుంది. ఒకరోజు వలేసి పట్టిన చేపలకు గుర్తు పెట్టి వదిలేస్తారు. మళ్లీ ఇంకోరోజు వలేస్తారు. రెండో వలలో ఎన్నింటికి గుర్తు ఉందో చూస్తే చెరువులో మొత్తం ఎన్నున్నాయో అంచనాకు వస్తుంది. పిల్లల విషయంలోనూ అదే లెక్క. మాటవరసకు దవాఖానల జాబితాలో 60 మంది ఉన్నారు, మందుల షాపుల నుంచో ఆరోగ్యశ్రీ రికార్డుల నుంచో వచ్చిన జాబితాలో 40 మంది ఉన్నారు, రెంటిలోనూ కనపడినవాళ్లు 30 మంది అనుకుందాం. రెండో జాబితాలోని 40 మందిలో 30 మందిని దవాఖానలు పట్టుకున్నాయంటే అవి నాలుగింట మూడొంతులు పట్టుకుంటున్నట్టు. 60 అనేది మూడొంతులైతే మొత్తం 80. పేర్లు దొరికినవాళ్లు 70 మంది, దొరకనివాళ్లు పది మంది. ఎప్పుడూ చూడని పదిమందిని ఇంత చిన్న గుణకారం, భాగహారంతో పట్టుకోవడం ఈ పద్ధతి గొప్పతనం.

దీని బలహీనత కూడా అక్కడే ఉంది. రెండు వలలూ ఒకే లోతులో తిరిగితే అడుగున ఉన్న చేప దేంట్లోనూ పడదు. గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుని ఇంట్లోనే పోయిన పిల్ల దవాఖాన జాబితాలో లేదు, ఇన్సులిన్ కొన్నవాళ్ల జాబితాలోనూ లేదు. ఆమె కోసం మూడో వల కావాలి. 20 ఏళ్లలోపు మరణం జరిగిన ఇంటికి నెలా రెండు నెలల్లో వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో ఓపిగ్గా అడిగి కారణం అంచనా వేయడమే ఆ వల. దాహం, పక్క తడపడం, చీమలు, ఊపిరి, ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలావరకు తెలుస్తుంది. ఖర్చున్న పనే, కానీ కొత్త పని కాదు. మహారాష్ట్రలోని షోలాపూర్ జిల్లా బార్షీలో 1987 నుంచి పల్లెల క్యాన్సర్ రిజిస్ట్రీ నడిచింది ఇలాగే. పాలమూరులాగే అదీ వానలు మొహం చాటేసే ప్రాంతం. రోగులు దవాఖానకు రావడం లేదని సిబ్బందే ఊరూరా తిరిగి, లక్షణాలు చెప్పి, అనుమానం ఉన్నవాళ్లను వెతికి తెచ్చారు. లెక్కించడానికి వెళ్లినవాళ్లే వైద్యానికి దారి చూపించారు.

ఇంత శ్రమపడి లెక్క తీస్తే కారణాల గురించి ఏమైనా తెలుస్తుందా? మిగతా ప్రపంచంలో తెలిసింది కొద్దిగానూ ఉంది, ఘనంగానూ ఉంది. డయామండ్ లెక్కల్లో చైనాలోని జున్యీలో, వెనెజువెలాలో ఏడాదికి లక్ష మంది పిల్లల్లో 0.1 కేసు ఉంటే, ఇటలీ దీవి సార్డీనియాలో 36.8, ఫిన్లాండ్‌లో 36.5 ఉన్నాయి. 350 రెట్లకు పైగా తేడా. జన్యువుల వల్ల అనుకోవచ్చు. కానీ ఫిన్లాండ్ సరిహద్దు దాటగానే రష్యా వైపు కరేలియాలో, దాదాపు అవే జన్యువులున్న జనంలో ఈ జబ్బు ఆరో వంతే ఉంది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ కథ మనకు ఇంకా దగ్గరిది. అక్కడ స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాల పిల్లల్లో 1978–81లో లక్షకు 3.1గా ఉన్న రేటు 1988–90 నాటికి 11.7కు పెరిగి, అక్కడి మిగతా పిల్లలతో సమానమైంది. పదేళ్లలో జన్యువులు మారవు. మారింది ఊరు, గాలి, తిండి, పిల్లలకు సోకే సూక్ష్మజీవులు. ఒక్క ప్రయోగశాల కూడా అవసరం లేకుండా, నిజాయితీగా పెట్టిన రిజిస్టర్ ఒక్కటే చెప్పిన సంగతి ఇది.

అందులో ఫలానాది కారణం అని చెప్పడం దగ్గరికొచ్చేసరికి మాత్రం చరిత్ర నిండా తప్పటడుగులే. ఐస్‌లాండ్‌లో అక్టోబర్‌లో పుట్టిన మగపిల్లల్లో షుగర్ ఎక్కువ కనపడితే, పండగ రోజుల్లో తినే పొగపెట్టిన గొర్రె మాంసాన్ని 1981లో అనుమానించారు. ఆ వాదన ఎక్కువకాలం నిలబడలేదు. ఆవు పాలు ముందుగా పట్టడమే కారణమేమోనని 15 దేశాల్లో రెండు వేల మందికి పైగా పసిపిల్లలపై ఏళ్ల తరబడి పరీక్షించారు. పాలలోని ప్రొటీన్‌ను ముక్కలు చేసి ఇచ్చినా జబ్బు తగ్గలేదని 2018లో తేల్చారు. కేరళలో క్లోమం గట్టిపడి వచ్చే ఒక రకం షుగర్‌కు కర్రపెండలం కారణమన్నారు. కర్రపెండలం తినని చోట్లా అదే జబ్బు కనపడింది. ఎంటెరోవైరస్‌ల (పేగుల్లో పెరిగే వైరస్‌ల) మీద అనుమానం ఇంకా గట్టిగానే ఉంది. ఫిన్లాండ్‌లో 2003లో పాలలో విటమిన్ డి కలపడం మొదలుపెట్టారు, 2006 తర్వాత దశాబ్దాలుగా పెరుగుతున్న రేటు ఆగింది. ఒకదాని వెనక ఒకటి జరిగినంత మాత్రాన రుజువు కాదు. కానీ 1965 నుంచి లెక్క ఉంది కాబట్టి కనీసం ఆ ప్రశ్న అడగగలిగారు.

రసాయనాలు క్లోమాన్ని చంపగలవా అంటే, చంపగలవు. అమెరికాలో 1970ల్లో వేకర్ అనే ఎలుకల మందు అమ్మేవారు. దాన్ని మింగి బతికి బయటపడినవాళ్లకు రోజుల వ్యవధిలో ఇన్సులిన్ తప్పనిసరైన షుగర్ వచ్చింది. 1979లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. గద్వాల, అయిజ వైపు పత్తి విత్తన చేలల్లో పూలు క్రాసింగ్ చేసే పనికి ఏళ్ల తరబడి పిల్లల్ని దించిన ప్రాంతం ఇది. కాబట్టి మందుల మీద అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అలాగని వేకర్‌తో పోల్చి, మనం కొట్టే మందులన్నీ షుగర్ తెస్తాయనీ అనకూడదు. విషం ఒకేసారి మింగడం వేరు, చేను గట్టున ఏళ్ల తరబడి వాసన పీల్చడం వేరు. ఎరువుల నుంచి నీళ్లలోకి దిగే నైట్రేట్ మీద ఇంగ్లండ్‌లో, నెదర్లాండ్స్‌లో రిజిస్ట్రీల సాయంతోనే అధ్యయనాలు జరిగాయి, ఫలితాలు ఒక దారిన లేవు. ఫ్లోరైడ్ సంగతికొస్తే, అది ఎముకల మీద, పళ్ల మీద చేసిన విధ్వంసం రుజువైనదే. టైప్ 1 తెస్తుందనడానికి మాత్రం అలాంటి ఆధారం లేదు.

నల్లగొండకు ఇక్కడొక అవకాశం వచ్చి చేజారింది. 2016 తర్వాత మిషన్ భగీరథ కింద దశలవారీగా ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాయి. ఏ ఊరికి ఏ నెలలో నల్లా తిరిగిందో సర్కారు రికార్డుల్లో ఉంటుంది. కొన్ని ఊళ్లకు అంతకుముందే వచ్చాయి, కొన్నింటికి ఆలస్యమైంది. బోరు నీళ్లు ఆగి నది నీళ్లు మొదలైన తేదీ ఊరి వారీగా తెలియడమంటే పరిశోధకులకు కోరినా దొరకని ఏర్పాటు. నీళ్లే కారణమైతే ముందు నల్లా తిరిగిన ఊళ్లలో రేటు ముందు తగ్గాలి, కాకపోతే ఏ తేడా ఉండకూడదు. ఆ పోలికకు కావాల్సింది 2016కు ముందు పదేళ్ల లెక్క. దాన్ని ఊరి వారీగా ఎవరూ తీసి పెట్టుకోలేదు. కనీసం ఇప్పటినుంచి పెట్టుకుంటే రాబోయే మార్పులకు ముందరి గీత ఒకటి దొరుకుతుంది. మూసీ శుభ్రపడితే, పత్తి పోయి వేరే పంట వస్తే, సాగునీరు కొత్త ఆయకట్టుకు పారితే పోల్చి చూడడానికి.

లవం, అంటే జబ్బు వచ్చినవాళ్ల సంఖ్య సంగతి ఇంతసేపు మాట్లాడుకున్నాం. హారం, అంటే మొత్తం పిల్లల సంఖ్య కథ ఇంకా గందరగోళం. జనాభా లెక్కలు 2011 తర్వాత జరగలేదు, కొత్త లెక్కకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈలోపు 2016 అక్టోబర్‌లో జిల్లాలు ముక్కలయ్యాయి. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగుళాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట చేరింది. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయింది. పాత కేసులకు పాత జిల్లా పేరు, కొత్త కేసులకు కొత్త జిల్లా పేరు రాస్తే జబ్బు కాస్తా సరిహద్దులతో పాటు తిరుగుతుంది. దీనికి మందు తేలికే: జిల్లా కాకుండా ఊరి పేరు, ఊరి కోడ్ రాసుకోవడం. ఊళ్లు మండలాలు మారతాయి గానీ చోటు మారవు.

మనుషులు చోటు మారతారు, అదే పాలమూరు చిక్కు. దసరా దాటాక మేస్త్రీల వెంట ముంబయికో పుణెకో హైదరాబాద్ సైట్లకో వెళ్లే కుటుంబాల్లో పిల్లలు ఎప్పుడు ఏ ఊరివాళ్లు? 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజున లెక్కలో పడటం కోసం ముంబయి నుంచి బస్సుల్లో కిక్కిరిసి వచ్చిన జనాన్ని గుర్తుచేసుకుంటే సంగతి తెలుస్తుంది. రేషన్ కార్డు మక్తల్‌లో ఉంటుంది, బిడ్డకు మొదటి సూది పుణెలో పడుతుంది. మనం రిజిస్టర్ పెట్టినా అందులో ఆ బిడ్డ హారంలో ఉంటుంది గానీ లవంలో ఉండదు. అలా వలస ఎక్కువున్న మండలాలన్నీ షుగర్ తక్కువున్న మండలాలుగా కనపడతాయి. రేపెవరైనా 'జొన్నరొట్టె తినే పేదల్లో షుగర్ రాదు' అని రాసినా ఆశ్చర్యం లేదు. స్వీడన్‌లో 1947 నుంచి ప్రతి మనిషికీ ఒక నంబరుంది. ఎక్కడ సూది పడ్డా సొంత ఊరి లెక్కకు చేరుతుంది, 1977లో మొదలైన వాళ్ల పిల్లల షుగర్ రిజిస్ట్రీ దాని మీదే నిలబడింది. మనకూ ఇప్పుడు ఆధార్ ఉంది, హెల్త్ ఐడీ ఉంది. దవాఖానల మధ్య ఆ కాగితాలు కదలడమే లేదు.

వలస లేకపోయినా సరిహద్దు ఉంది. నారాయణపేట, మక్తల్ వాళ్లకు రాయచూరు దగ్గర. అలంపూర్ వాళ్లు తుంగభద్ర దాటితే కర్నూలే. చౌటుప్పల్, భువనగిరి వైపు వాళ్లకు బిడ్డకు కాస్త సీరియస్ అంటే చాలు హైదరాబాద్ బండెక్కడమే, నిలోఫర్ పిల్లల దవాఖాన పేరు తెలియని తల్లి ఈ రెండు జిల్లాల్లో ఉండదు. కాబట్టి దక్షిణ తెలంగాణకు ఇలాంటి రిజిస్ట్రీ ఒకటి పెట్టినా, అది నల్లగొండ, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీల్లో కూర్చుంటే నడవదు. రాయచూరు, కర్నూలు, హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్లందరితో మాట కలుపుకోవాలి. ఉమ్మడి నల్లగొండ గడ్డ మీదే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఆ సంస్థ 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో పౌష్టికాహారం మీద మొదలుపెట్టిన అధ్యయనంలోని పిల్లల్ని పెద్దయ్యేదాకా వెంటపడి చూసిన అనుభవమూ ఉంది. ఊళ్లు పట్టుకుని తిరగడం ఇక్కడివాళ్లకు రాని విద్యేం కాదు. ఆరోగ్యశ్రీని కూడా 2007లో మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. కర్ణాటకలో నడిచిన రిజిస్ట్రీలో మగపిల్లల్లో లక్షకు 3.7, ఆడపిల్లల్లో 4.0 వచ్చింది, అంటే ఇద్దరికీ ఇంచుమించు సమానం. మన లెక్కలో పదిమంది మగపిల్లలకు ఆరుగురే ఆడపిల్లలు తేలితే, జబ్బు ఆడపిల్లలను కరుణించిందని అర్థం కాదు. పెళ్లి కాదేమోనన్న భయంతో పేరు దాచారనో, దవాఖానకు తీసుకెళ్లడంలో ఆలస్యం చేశారనో అర్థం. అందుకే పేర్లు ఒకచోట, జబ్బు వివరాలు ఇంకోచోట, మధ్యలో కోడ్ నంబర్ ఉండాలి. చిన్న ఊళ్లో 'పదేళ్ల పాప, ఫలానా వీధి' అంటే పేరు చెప్పినట్టే కాబట్టి ఊరి వారీ పటాలు బయట పెట్టకూడదు.

ఇక ఆ ఖాళీ గళ్ల దగ్గరికి. ఒక ఏడాది 45 మండలాలు సున్నా చూపితే అందులో వింత లేదు. వరసగా మూడేళ్లు చూడాలి. ఏడాదికి ఒక్క కేసు రావాల్సిన చోట మూడేళ్లపాటు ఒక్కటీ రాకపోవడానికి అవకాశం నూటికి ఐదు. అంటే 123 మండలాల్లో కేవలం యాదృచ్ఛికంగా ఓ ఆరు మాత్రమే అలా మిగలాలి. పాతిక మిగిలాయనుకోండి, నీళ్ల శాంపిళ్లు, మట్టి శాంపిళ్లు పక్కన పెట్టి రిజిస్ట్రీ జీపు మొదట ఆ పాతిక మండలాలకే పోవాలి. అవి రాయచూరు బస్సు దారిలో ఉన్నాయా, నల్లమల అంచున అచ్చంపేట పైన ఉన్నాయా, దసరా తర్వాత ఇళ్లకు తాళాలు పడే తండాలున్న చోట్లా అన్నది చూడాలి. తర్వాత ఆ మూడేళ్లలో అక్కడ 'జ్వరమొచ్చి పోయిన' పిల్లల ఇళ్లకు వెళ్లి, ఎండాకాలం కాకపోయినా ఆ పిల్ల నీళ్లు ఎక్కువ తాగేదా అని అడగాలి.